చిన్నచూపుకు నోచుకున్న స్పీకర్లు

చిన్నచూపుకు గురైన స్పీకర్ల యజమానుల సంఘం అధ్యక్ష పదవి నుంచి పళ్ల డాక్టరు గారిని గత నెల ఒక ఆదివారం ఏకగ్రీవంగా తొలగించారు. ఆయన డబ్బు కాజేయలేదు. ఎవరినీ తిట్టలేదు. ఆయన స్పీకర్లు బాగున్నాయని రుజువైంది. అంతే.

సంఘం సంగతి తెలియని పాఠకుల కోసం కొంత వివరం అవసరం. ఇంట్లో కూర్చుని పాటలు వినడానికి స్పీకర్లు కొనుక్కున్నవారు ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లందరికీ ఈ సంఘంలో చోటు లేదు. ఏ పత్రికా మెచ్చుకోని, ఏ దుకాణమూ అద్దాల వెనక పెట్టని, చుట్టాలు చూసి నవ్వే స్పీకర్లు ఉన్నవారికే సభ్యత్వం. ఒకసారి ఒక కాంట్రాక్టరు పేరున్న కంపెనీ స్పీకర్లు కొని సభ్యత్వం అడగడానికి వచ్చాడు. కాఫీ ఇచ్చి, సానుభూతి తెలిపి పంపేశారు.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. మంచి స్పీకర్లని లోకమంతా అన్నవాటిని మంచివని తెలుసుకోవడానికి చెవులు అక్కర్లేదు. లోకం కాదన్నవాటిలో మంచి వినపడాలంటే చెవులుండాలి. కాబట్టి స్పీకర్లకు ఎంత చిన్నచూపు ఉంటే యజమానికి అంత గొప్ప చెవులున్నట్టు. అందరికంటే ఎక్కువ చిన్నచూపుకు గురైన స్పీకర్లు ఎవరివైతే ఆయనే అధ్యక్షుడు. ఆయన ఇంటి హాలే సంఘం సమావేశ మందిరం.

ఈ లెక్కన డాక్టరు గారికి ఏళ్ల తరబడి పోటీ లేకుండా పోయింది. ఆయన స్పీకర్లు నడుమెత్తు ఉంటాయి. వాటిని చేసిన కంపెనీ అంతకుముందు ఫ్యాన్లు చేసేది. ఒక్క ఏడాది స్పీకర్లు చేసి, బుద్ధి తెచ్చుకుని మళ్లీ ఫ్యాన్లకు వెళ్లిపోయింది. డాక్టరు గారు కొనడానికి వెళ్లిన రోజున దుకాణం కుర్రాడు వాటిలో ఒకదాని మీద నిలబడి బల్బు మారుస్తున్నాడు. ఆయన బావమరిది ఫర్నిచరు వ్యాపారి. మొదటిసారి చూసినప్పుడే, "బావా, ఈ బీరువాలకు తాళాలేవీ?" అన్నాడు. ఆ మాటను సంఘం యోగ్యతాపత్రంగా స్వీకరించింది.

ప్రతి ఆదివారం పొద్దున డాక్టరు గారి హాల్లో సమావేశం. శబ్దం సరిగ్గా కలిసే చోట ఒకే ఒక కుర్చీ ఉంటుంది. దాని కాళ్లు కదలకుండా నేల మీద సుద్దతో గుర్తులు పెట్టారు. మిగతా సభ్యులు గోడల వెంబడి నిలబడతారు. ప్రతిధ్వని పీల్చుకోవడానికి అలా నిలబడడం అవసరం. బరువైన శబ్దం మూలల్లో పోగుపడుతుందని కనిపెట్టాక, సంఘంలోని ఇద్దరు లావుపాటి సభ్యులకు మూలలు కేటాయించారు. వాళ్లు దాన్ని పదవిగానే భావిస్తారు. కిటికీలు మూసేస్తారు. ఫ్యాను తిప్పరు. ఆ పూట వంటింట్లో మిక్సీ వెయ్యకూడదు.

హాల్లో ఒకప్పుడు సోఫా ఉండేది. అది శబ్దాన్ని మింగేస్తోందని బాల్కనీలోకి తరలించారు. వానకు తడిసి, ఎండకు ఎండి, ప్రస్తుతం బట్టలు ఆరేయడానికి పనికొస్తోంది. డాక్టరు గారి భార్య ఆ సోఫాను తన మొదటి జీతంతో కొన్నారు. ఈ విషయం ఆవిడ వారానికొకసారి చెబుతారు. హాల్లో ప్రతిధ్వని తగ్గించాక ఆ మాట కూడా సరిగ్గా వినపడడం మానేసింది.

సమావేశంలో జరిగే పనిని అనుభవం చెప్పడం అంటారు. సభ్యుడు కుర్చీలో కూర్చుంటాడు. పాట మొదలవుతుంది. పల్లవి అయ్యేసరికి అతను చెయ్యెత్తుతాడు. పాట ఆపేస్తారు. అతను అనుభవం చెబుతాడు. ఇన్నేళ్లలో పల్లవి దాటి చరణంలోకి వెళ్లిన సభ్యుడు లేడు. వెళ్లవలసిన అవసరం కూడా రాలేదు.

"ముందున్న తెర తొలగిపోయింది" అని బ్యాంకు మేనేజరు గారు అన్నారు. ఆయన వచ్చిన ప్రతిసారీ ఒక తెర తొలగుతుంది. ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు. డ్రాయింగు మాస్టారు ఒకసారి కళ్లు మూసుకుని, "గాయకుడి మీసం కనపడుతోంది" అన్నారు. పాడింది ఆడమనిషి అని మూలలోంచి ఎవరో గుర్తుచేశారు. అంత సూక్ష్మమైన వివరం కూడా ఈ స్పీకర్లు చూపించగలవని అధ్యక్షుల వారు ముగించారు.

ఇలా సంఘం సజావుగా సాగుతుండగా ఆపద వచ్చింది. స్పీకర్ల మీద రాసే పరదేశపు పత్రిక ఒకటి డాక్టరు గారి స్పీకర్లను వెతికి పట్టుకుని విని, వీటికి ఇన్నాళ్లూ అన్యాయం జరిగిందనీ, ఇంత మంచివి ఈ ధరలో మళ్లీ రాలేదనీ రాసింది. ఆ ముక్క బావమరిది ఫోనులోకి చేరింది. అతను దుకాణం మూసేసి వచ్చాడు. చెప్పులు విప్పి, స్పీకర్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావా, పొరబడ్డాను. ఇవి బీరువాలు కావు."

"మెల్లగా అనరా, ఎవరన్నా వింటారు."

"విననీ. తప్పు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు?"

"నీకు పుణ్యముంటుంది, పాత మాటే అను. ఆదివారం వచ్చి అందరి ముందూ బీరువాలని ఒక్కసారి అనేసి పో."

"మనసు రావట్లేదు బావా" అని బావమరిది కళ్లు తుడుచుకున్నాడు. ఏళ్లుగా అతని నోట ఒక్క మంచి మాట వినాలని డాక్టరు గారు ఎదురుచూశారు. విన్న రోజున తలుపు గడియ పెట్టుకోవలసి వచ్చింది.

గడియ పెట్టినా వార్త ఆగలేదు. ఆదివారానికల్లా ఉపాధ్యక్షుడి చెవిన పడింది. ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయన స్పీకర్లు మోగగానే ఇంట్లో కుక్క లేచి బయటికి పోతుంది. ఆ అర్హతతోనే ఉపాధ్యక్షుడయ్యారు.

"సోదరులారా!" అని ఆయన గోడ వదిలి ముందుకు వచ్చారు. దాంతో ప్రతిధ్వని కొంచెం పెరిగింది. "మన అధ్యక్షుల వారంటే నాకు ప్రాణం. కానీ వారి స్పీకర్లకు గౌరవం వచ్చింది. ఇది సంఘానికే అవమానం. ఈరోజు ఒక పత్రిక మెచ్చుకుంది. రేపు ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. ఆ తర్వాత మనకూ మామూలు జనానికీ తేడా ఏముంటుంది?"

మూలల్లోని సభ్యులు చప్పట్లు కొట్టారు. డాక్టరు గారు లేచారు.

"ఎక్కడో ఎవడో మెచ్చుకుంటే మెచ్చుకున్నాడు. ఇంట్లో వాటి బతుకు మారలేదు. నా భార్య నేటికీ వాటిని దరిద్రపు డబ్బాలనే అంటుంది. కావాలంటే ఆవిణ్నే అడగండి."

సంఘం చర్చించింది. బయటివాడి మెప్పు కంటే ఇంటిమనిషి ఈసడింపే బరువైనదని తేల్చింది. వచ్చే ఆదివారం ఆవిడ కుర్చీలో కూర్చుని అనుభవం చెప్పాలి. స్పీకర్లు బాగోలేదంటే డాక్టరు గారి పదవి నిలుస్తుంది. బాగున్నాయంటే పదవి ఉపాధ్యక్షుడికి పోతుంది. ఆవిడ ఏమంటారో అందరికీ తెలిసిందే కాబట్టి డాక్టరు గారు ఆ వారమంతా హాయిగా పళ్లు పీకారు.

ఆదివారం పొద్దున ఆయన వంటింట్లోకి వెళ్లారు.

"కొత్తగా ఏమీ అక్కర్లేదు. రోజూ అనేదే అను."

"నలుగురి ముందు ఆ మాటలు బాగుంటాయా అండీ?"

"ఈ ఒక్కరోజుకీ బాగుంటాయి. నా పరువు నీ చేతిలో ఉంది."

"పదవి పోతే వీళ్లంతా ఎక్కడ కలుస్తారు?"

"ఇన్సూరెన్సాయన ఇంట్లో."

"వాళ్ల హాలు పెద్దదేనా?"

"పెద్దదే. ఎందుకు?"

"ఊరికే" అని ఆవిడ చెయ్యి తుడుచుకుని స్టవ్వు ఆపారు.

ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. పాట మొదలైంది. ఆవిడ కళ్లు మూసుకున్నారు. పల్లవి అయ్యేసరికి, ఎవరూ చెప్పకుండానే, చెయ్యెత్తారు. పాట ఆగింది.

"తెర తొలగినట్టుంది" అన్నారు ఆవిడ.

బ్యాంకు మేనేజరు గారు ఉలిక్కిపడ్డారు.

"గోడలు ఎక్కడున్నాయో తెలియలేదు. కింది శబ్దం బిగువుగా ఉంది, ఎక్కడా ఉబ్బలేదు. పై శబ్దంలో గరుకు లేదు. మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుంది. ఇన్నాళ్లూ వీటిని చిన్నచూపు చూశాను. పెద్దవాళ్లు మన్నించాలి."

సంఘం చరిత్రలో ఇంత చక్కటి అనుభవం ఎవరూ చెప్పలేదు. అందులో ఒక్కో మాటా ఆదివారం ఆదివారం వంటింటి తలుపు సందులోంచి లోపలికి పోయిందేనని ఎవరికీ తట్టలేదు.

"ఏమే!" అన్నారు డాక్టరు గారు.

"బాగున్నవాటిని బాగోలేదని ఎలా అనమంటారండీ?"

డాక్టరు గారు భార్యను చూశారు, స్పీకర్లను చూశారు. పదవి సంగతి మరిచిపోయి, "నిజంగానేనా?" అన్నారు. ముఖం వెలిగిపోయింది.

"అధ్యక్షుల వారు సంతోషించారు" అన్నారు ఉపాధ్యక్షుడు. "ఇది రెండో సాక్ష్యం."

సేవలను కొనియాడుతూ ఆయన్ను తొలగించారు. లావుపాటి సభ్యులిద్దరూ కుర్చీ మోసుకుని కొత్త అధ్యక్షుడి ఇంటికి నడిచారు. సుద్ద గుర్తులు తీసుకెళ్లడానికి వీలుకాక వదిలేశారు. మధ్యాహ్నానికి వాటి మీద తడిగుడ్డ పడింది. సాయంత్రానికి బావమరిది వచ్చి ఒకవైపు పట్టుకుంటే సోఫా హాల్లోకి వచ్చింది. దాన్ని పట్టించడానికి స్పీకర్లు చెరో పక్కకూ జరిగాయి. ఒకదాని మీద పూలకుండీ పెట్టారు.

రెండో రోజున కొత్త అధ్యక్షుడి భార్య ఫోను చేసింది. "వదినా, మీరు చెప్పినదేమిటి? తెర తొలగింది... ఆ తర్వాత?"

"గోడలు. గోడలు మాయమవ్వాలి. ఆ తర్వాత కింది శబ్దం. కాగితం ఉందా, రాసుకుంటావా?"

ఆ వచ్చే ఆదివారమే కొత్త అధ్యక్షుడి పదవి పోయింది. తర్వాతి వంతు బ్యాంకు మేనేజరు గారిది. ఇంటింటా తెరలు తొలగుతున్నాయి, ఇంటింటా సోఫాలు వెనక్కి వస్తున్నాయి. ఈ వార్త అచ్చుకు వెళ్లే సమయానికి పదవిలో డ్రాయింగు మాస్టారు ఉన్నారు. ఆయన బ్రహ్మచారి. ఆయనకు వస్తున్న సంబంధాలను చెడగొట్టడానికి సంఘం ఒక ఉపసంఘాన్ని నియమించింది.

మాజీ అధ్యక్షుల వారి స్పందన కోసం ఈ విలేకరి వాళ్లింటికి వెళ్లేసరికి, భార్యాభర్తలు సోఫాలో కూర్చుని ఉన్నారు. పాట వస్తోంది. పల్లవి కాగానే డాక్టరు గారి చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. ఆవిడ దాన్ని పట్టుకుని కిందికి దింపి, వదల్లేదు. పాట సాగిపోయింది.

కాసేపటికి ఆయన భార్య వైపు వంగారు.

"ఇదేం పాట? ఎప్పుడూ వినలేదే?"

"మీరు ఏళ్ల తరబడి వినిపిస్తున్నదేనండీ. ఇది చరణం."

ఆ స్పీకర్ల కంపెనీ పేరేమిటో రాయలేదని పాఠకులు ఈపాటికి విసుక్కుంటూ ఉంటారు. పాట పేరు కూడా రాయలేదు. దాని గురించి ఎవరూ అడగరు, నిశ్చింతగా ఉండమని మా సంపాదకుడు అన్నారు.