చరిత్రకెక్కిన పెనం

సూసన్న కుళాయి కింద రెండో బిందె పెట్టి, నిండిన మొదటిదాన్ని పక్కకు జరుపుతుండగా, దేశానికి చరిత్ర అవసరమైంది.

"నిమ్‌పురా ప్రజలారా!" అని ఆ రైల్వే కాలనీ వీధి మొదట్లో ఆటో మైకు అరిచింది. "ఇది స్వాతంత్ర్యానికి ఎనభయ్యో పండుగ. ఇంతవరకు చరిత్ర ఢిల్లీలో ఉండేది. ఇక నుంచి మీ ఇంట్లో ఉంటుంది. దయచేసి ఎవరూ దాన్ని పారేయవద్దు!"

మైకు పట్టుకున్నవాడు బుజ్జిబాబు. వార్డులో ఏ పార్టీ గెలిచినా, దాన్ని ఒక్క రోజైనా ఒంటరిగా వదిలిపెట్టని మంచి మనసు అతనిది. ఆటో సరిగ్గా కుళాయి దగ్గర ఆగింది.

"అత్తా, మావేడీ?"

"గడ్డం గీసుకుంతన్నాడు. ఏటయ్యా, మల్లీ ఎలచ్చన్లా?"

"కాదత్తా. హెరిటేజ్!"

"అదెప్పుడు? సెలవిస్తారా?"

బుజ్జిబాబు ఓపికగా వివరించాడు. ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల చరిత్ర మీద ఒక మ్యూజియం, దానికి దారి చూపే ఒక చరిత్ర బాట వస్తున్నాయి. బాట బుజ్జిబాబు ఇంటి ముందు మొదలై, వాళ్ళ బావమరిది టీ దుకాణం మీదుగా, మూతపడ్డ డిస్పెన్సరీలో పెట్టే మ్యూజియానికి చేరుతుంది. నడిచే దారిలో చరిత్ర ఎక్కడుందని ఎవరో అడిగితే, "నడిస్తే అదే అవుద్ది" అని అతను జవాబిచ్చాడు. ఇక మ్యూజియానికి కావలసింది పాత సామాను. ప్రతి ఇంటి నుంచి ఒక్క వస్తువు.

ఆ వీధిలో వస్తువులు రెండు చోట్ల నుంచి వస్తాయి. ఊళ్ళోని ఇందా బజారు నుంచి వచ్చినవి కొనుక్కున్నవి. షాపు నుంచి వచ్చినవి, అంటే రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చినవి, ఊరికే వచ్చినవి. పట్టాల కింది స్లీపరు చెక్కతో చేసిన బల్ల, స్ప్రింగు పట్టీతో చేసిన కత్తిపీట, సిగ్నల్ తీగకు వేలాడే ఉయ్యాల. తాతల కాలం నుంచి అలా వస్తూనే ఉన్నాయి. దాన్ని దొంగతనం అంటారని అక్కడ ఎవరికీ తట్టలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న గిన్నెను ఎవరైనా దొంగసొమ్మంటారా?

సూసన్న మొగుడు ఏలియా గడ్డం సగంలో వదిలేసి వచ్చి, వంటింట్లోని పెనం తెచ్చి ఆటోలో పెట్టాడు. అది అతని తండ్రి చేసింది. ఆవిరి ఇంజను బాయిలరు రేకు కొట్టి, సాన పట్టి, అరచేతిలా నున్నగా తీసిన పెనం. దాని మీద దోసె నూనె చుక్క లేకుండా లేస్తుంది. ఆదివారం చర్చి వదలగానే పాస్టరుగారితో సహా సగం వీధి సూసన్న వాకిట్లోనే ఉంటుంది.

"మరి నాను రేపు దోసెలు దేనిమీద ఎయ్యాల?" అంది సూసన్న.

"కొన్నాళ్ళు ఓర్సుకోవే. మా అయ్య పేరు గోడెక్కుతాది. ఈ నెలాఖరుకు నాను రిటైరవుతున్నాను. ఇంతకన్నా గౌరవం ఏటుంది?"

సూసన్నకు గోడ మీద పేరు కంటే నెలాఖరు ముఖ్యం. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క రిమార్కు లేని మనిషి, మెడలో దండతో, బ్యాండుమేళంతో గేటు దాటి ఇంటికి రావాలి. ఆమె కోరుకున్నది అంతే. పెనం వెళ్తే వెళ్ళింది.

దాని పక్కన పెట్టే చీటీలో ఏం రాయాలో ఏలియా దగ్గరుండి చెప్పాడు: 'ప్రభువునందు నిద్రించిన విల్‌ఫ్రెడ్ గారు డ్యూటీ సమయంలో రైల్వే ఇనుముతో స్వహస్తాలతో చేసిన పెనం. దాత: కుమారుడు ఏలియా, ఫిట్టరు.' గౌరవానికి లోటు రాకూడదని కింద వర్క్‌షాపులో తన హాజరు పడే టికెట్ నంబరు కూడా వేయించాడు. అది చూసి మిగతావాళ్ళూ తమ నంబర్లు వేయించారు.

పండుగ నాడు ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. డిస్పెన్సరీ గోడ మీద 'వరుసలో రండి' అన్న పాత అక్షరాల కింద జాతీయ జెండా కట్టారు. రైల్వే పెద్దసారు, ఆయన భార్య మేమ్‌సాహెబ్ కారు దిగారు. వాళ్ళ వెనక రైల్వే ఆస్తుల భద్రత చూసే ఇన్‌స్పెక్టరు దిగాడు. ప్రతి కుటుంబమూ ఫొటో కోసం తన వస్తువు పక్కన నిలబడింది.

గది నడుమ ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద ఒక పాత స్టేషను ఇత్తడి గంట, దాని పక్కన ఫస్ట్‌క్లాసు వెయిటింగ్ రూము టేకు కుర్చీ ఉన్నాయి. 'మేమ్‌సాహెబ్ గారు తమ బంగళాలో ఎంతో శ్రమకోర్చి కాపాడిన వారసత్వ సంపద' అని అక్కడ రాసి ఉంది. ఇన్‌స్పెక్టరు ఆ గంటకు సెల్యూట్ కొట్టాడు.

తరవాత అతను గోడవారగా నడుస్తూ మిగతా చీటీలు చదివాడు. ఒకసారి చదివి వెళ్ళినవాడు వెనక్కి వచ్చి, ఈసారి పెన్ను తీసి చదివాడు.

"సార్," అన్నాడు పెద్దసారుతో హిందీలో. "నా సర్వీసులో దొంగసొత్తు ఇంత పెద్ద రికవరీ చూడలేదు. ముద్దాయిలు పేరుతో, నంబరుతో సహా ఉన్నారు సార్!"

ఆ మాట తెలుగులోకి మారి గది చివరకు చేరేలోపే గోడ దగ్గర మనుషులంతా ఖాళీ అయ్యారు. స్లీపరు బల్ల మీద కూర్చున్న అప్పలకొండ లేచి నిలబడ్డాడు.

"నాది కాదు సార్. కాలు నొప్పెడితే కూకున్నాను."

బుజ్జిబాబు చురుకైన నాయకుడు. రెండు చేతులతో చీటీలు పీకేశాడు. "ప్రింటింగ్ మిస్టేక్ సార్! కుర్రోళ్ళు సినిమా పోస్టర్లో పేర్లన్నీ ఇందులో యేసీనారు!"

ఇన్‌స్పెక్టరు బయటున్న తన జీపు వైపు చూశాడు. పండుగ రోజు వీధి మొత్తాన్ని జీపులో ఎక్కించడం కష్టం. "ఠీక్ హై. ఒక్కొక్కరు వచ్చి నాది కాదని చెప్పండి. తరవాత చూద్దాం."

వరుసలో వచ్చారు. కత్తిపీట ఎవరిదీ కాదు. ఉయ్యాల ఎవరిదీ కాదు, అందులో ఊగి పెరిగిన దేముడనే అతను కూడా దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఏలియా వంతు వచ్చింది.

"ఈ పెనం నీదా?"

ఏలియా పెనం వైపు చూశాడు. సూసన్న వైపు చూశాడు. "కాదు సార్."

"మీ నాన్న చేశాడట?"

"మా అయ్యకి ఇనుప పని రాదు సార్."

విల్‌ఫ్రెడ్ చేసిన ఇనుప శిలువ నిమ్‌పురా చర్చి గోపురం మీద ఇప్పటికీ ఉంది. పాస్టరుగారు గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశారు. సూసన్న మాత్రం భర్తనే చూసింది.

మర్నాడు పత్రికలో మ్యూజియం ఫొటో వచ్చింది. ప్రతి వస్తువు కింద 'అజ్ఞాత కళాకారుడు' అని ఉంది. ఇన్ని చేతుల పనితనం ఉన్న ఊళ్ళో ఒక్క చెయ్యి కూడా దొరకలేదంటే, అది ఎంత నిరాడంబరమైన ఊరో అని పత్రిక మెచ్చుకుంది.

ఆ వారం సూసన్న బజారు పెనం మీద దోసెలు వేసింది. ఏలియా ముక్కలు ముక్కలుగా వచ్చినవాటిని వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. ఆదివారం పాస్టరుగారికి వేరే పని పడింది.

సోమవారం బుజ్జిబాబు గుమ్మంలోంచే కేకేశాడు.

"మావా, స్వీటెట్టు! కేసు పోయింది!"

"ఎలాగ?"

"మన పెనం మేమ్‌సాహెబ్‌కి నచ్చీసింది. బంగళాకి అట్టుకెళ్ళిపోనారు. బంగళాలో ఉన్నది దొంగసొమ్మెలాగవుద్ది? ఇన్‌స్పెక్టరు పెన్ను మూసీసినాడు."

"ప్రభువుకి స్తోత్రం!" ఏలియా కుర్చీలోంచి లేచాడు. "అయితే ఇప్పుడు మాదని సెప్పీసి తెచ్చుకోవచ్చునా?"

"ఏటి మావా, పెద్దోడివి! బంగళాలో పెనం నీదంటే, అప్పుడు దొంగెవుడు?"

ఏలియా ఎంత ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంకోటుంది అత్తా," అన్నాడు బుజ్జిబాబు. "అక్కడ దోసె లేవట్లేదు. వంటోడు అట్లకాడ వంచీసినాడు. నువ్వొచ్చి నేర్పాలంట. కారు పంపినారు."

"మాది కాని పెనం సంగతి నాకెలా తెలుస్తాది బాబూ?"

"నానూ అదే అన్నాను. మేమ్‌సాహెబ్ నవ్వీసి, ఆవిడకే తెలుసని నిమ్‌పురా అంతా సెప్తోంది అన్నారు. పక్కన ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు. ఆయనకీ దోసెలంటే ఇష్టమంట."

ఏలియా గోడ మీది క్యాలెండరు చూశాడు. నెలాఖరుకు ఇంకా రోజులున్నాయి. దండ ఇంకా మెడలో పడలేదు.

"ఎల్లే," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "ఎల్లకపోతే తప్పవుద్ది. కానీ తెలిసినట్టు ఎయ్యకు. మొదటి రెండూ మాడ్చీ. మూడోది సింపీ. మా అయ్య మీద ఒట్టు."

బుజ్జిబాబు ఆ తెలివికి తల ఊపి మెచ్చుకున్నాడు.

సూసన్న చెంగు నడుముకు దోపింది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. బయట డ్రైవరు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఆ తలుపు పక్కనుంచి దాటి, "నాకు దోసె మాడ్చడం రాదు" అని బంగళాల వైపు నడిచి వెళ్ళింది.