ముక్క తగ్గిన కేకు

గురువారం పొద్దున మసినా ఒక చిన్న పథకంతో నిద్ర లేచింది. అత్తగారితో కలిసి బస్సెక్కి ఆపియా పట్నం వెళ్ళాలి, ఆదివారం పాప బాప్తిస్మానికి పాస్టరుగారికి ఇవ్వాల్సిన పెద్ద కేకు చెప్పి రావాలి. ఇది ఇంటిల్లిపాదికీ తెలిసిన భాగం. దాంతోపాటు తమకోసం ఓ చిన్న పైనాపిల్ కేకు కూడా చెప్పాలి. ఇది ఆమెకూ, భర్త తవితకూ మాత్రమే తెలిసిన భాగం.

తమకోసం కేకు అనేది ఆ ఊళ్ళో ఎవరూ ఎరగని మాట. విందంటే పంది మాంసం తింటారు, తారో దుంపలు తింటారు, కొబ్బరిపాలలో మునిగిన బన్నులు మూతికి పూసుకుని మరీ తింటారు. కేకు మాత్రం తినేది కాదు, ఇచ్చేది. అట్టపెట్టెతో సహా పాస్టరుగారి కారులోనో, సంఘ పెద్దల వ్యానులోనో ఎక్కించి దణ్ణం పెట్టి సాగనంపుతారు. మసినా పెళ్ళికి ఆరు కేకులు వచ్చాయి. ఆరూ ఫోటోలో ఉన్నాయి. ఫోటో తీసిన పది నిమిషాలకు వాటిలో ఒక్కటీ లేదు. ఒక పెట్టె మూతకు అంటుకున్న క్రీమును పెళ్ళికూతురు ఎవరూ చూడకుండా వేలితో తీసి నాకింది. పైనాపిల్ రుచి తగిలింది. మూడేళ్ళయినా ఆ రుచి ఆమె నాలుకను వదల్లేదు. కూతురి బాప్తిస్మం రోజున ఒక్క ముక్కయినా తిని తీరాలని, పాప కడుపులో ఉండగానే తీర్మానించుకుంది.

బేకరీ లూసియా పెద్ద పుస్తకం తెరిచి, చెవి వెనకనున్న పెన్సిలు తీసింది.

"పాస్టరుగారికి రెండంతస్తుల కేకు. రాసుకో," అంది అత్తగారు సెలాఫి.

"ఇంకో చిన్నది కూడా," అనేసింది మసినా, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి.

సెలాఫి మెల్లగా తల తిప్పింది. "చిన్నదా? ఎవరికే అమ్మాయ్?"

‘నాకు’ అనడానికి నోరు రాలేదు మసినాకు. "సంఘ పెద్ద సువాలువా గారికి," అంది. నోట్లోంచి జారిన మరుక్షణమే తాను పప్పులో కాలేసినట్టు ఆమెకు అర్థమైపోయింది.

"చూశావటే లూసియా, నా కోడలి తెలివి! నాకు తట్టనేలేదు," అని పొంగిపోయింది సెలాఫి. "అయితే ఆయనకు ఒక్కడికే ఇస్తే మిగతా ముగ్గురు పెద్దలూ మన ముఖం చూస్తారా? నాలుగు రాయి. చిన్నవి కాదు, చిన్నవి ఇస్తే ఇవ్వనట్టే. ఒక్కొక్కటీ రెండంతస్తులు."

"మరి పాస్టరుగారిదీ రెండంతస్తులే కదమ్మా," అని గుర్తుచేసింది లూసియా.

"అవును కదూ! ఆయనది మూడు చెయ్యి."

"పాస్టరమ్మగారికో?"

"మొగుడిదే పెళ్ళాందీనూ."

"పోయిన నెల సువాలువా గారింట్లో ఆవిడకు విడిగా ఇచ్చారమ్మా."

సెలాఫి ముఖం గంభీరమైంది. పాస్టరమ్మగారికి ఒకటి వేశారు. ఆవిడకు వేశాక మహిళా సంఘం అధ్యక్షురాలికి వెయ్యకపోతే ఆవిడ ఏడాదిపాటు పాటల్లో గొంతు కలపదు. అలా మొత్తం ఏడయ్యాయి. మసినా అడిగిన చిన్న కేకు ఆ ఏడింటి మధ్య ఎక్కడో తప్పిపోయింది.

బస్టాపు దాకా వచ్చాక మసినా గొడుగు మరిచిపోయానని వెనక్కి పరుగెత్తింది. గొడుగు చంకలోనే ఉంది.

"లూసియక్కా, ఇంకొకటి. ఇంతే ఉండాలి," అని రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూపించింది. "మధ్యలో పైనాపిల్ బాగా వెయ్యి."

"పేరేం రాయమంటావు?"

"ఏ పేరూ వద్దు. పేరుంటే ఎవరికని అడుగుతారు."

"పేరు లేకపోతే ఎవరికైనా ఇచ్చేస్తారే పిచ్చిదానా," అంది లూసియా. మసినాకు ఆ మాట వినిపించలేదు. బస్సు వస్తోంది.

శనివారం మధ్యాహ్నం తవిత ట్రక్కులో ఎనిమిది పెట్టెలు తెచ్చాడు. ఏడు అత్తగారి లెక్కకు వెళ్ళాయి. ఎనిమిదోది ఉతికిన పాప గుడ్డల మూట కింద దూరి దంపతుల గదిలోకి వెళ్ళింది. మంచం కింద ఓ పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద పెట్టెను నిలబెట్టి, పైన చాప కప్పింది మసినా. ఇక ఏ చీమకూ దారి లేదని నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. చాప అంచు నేలకు ఆనుతోందని ఆమె చూసుకోలేదు.

ఆదివారం తెల్లవారుజామున మసినా పాపకు నీళ్ళు పోస్తుంటే, సెలాఫి తెల్ల గౌను తీసుకుందామని గదిలోకి వెళ్ళింది. గుమ్మం దగ్గర చీమల బారు కనిపించింది. చీమలు ఎక్కడికి వెళ్తున్నాయో చూడకుండా ఉండగలిగే మనిషి కాదు ఆవిడ. కాసేపటికి గౌను తీసుకుని బయటికొచ్చి, "తల బాగా తుడువు, పడిశం పడుతుంది," అంది.

పాప బాప్తిస్మం సలక్షణంగా జరిగింది. ఎలిసాపెతా అని పేరు పెట్టారు. పాప పాస్టరుగారి గడ్డం పట్టుకుని వదల్లేదు, అంతే. అందరూ వచ్చి గోడల్లేని పెద్ద సభాశాలలో చాపల మీద కూర్చున్నారు. మసినా మామగారు తుయిలాగి లేచి నిలబడ్డాడు. చేతిలో పొడవాటి కర్ర, భుజం మీద కొబ్బరి పీచు కుచ్చు. ముప్ఫై ఏళ్ళుగా ఊరి తరఫున మాట్లాడేది ఆయనే. ఆయన గొంతెత్తితే సముద్రం కూడా కాస్త ఆగి వింటుందని ఆయన నమ్మకం.

"పాస్టరుగారికి మూడంతస్తుల కేకు ఒకటి!" అని ఎలుగెత్తాడు. తవిత ఆ కేకును పైకెత్తి నలుగురికీ చూపించాడు. ఒకటి తర్వాత ఒకటి ఏడూ వెళ్ళిపోయాయి. మసినాకు ఈసారి బాధ లేదు. తనది మంచం కింద ఉంది.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద టాక్సీ ఆగింది. అందులోంచి ఎతువాతి అయ్యగారు దిగారు. తవితకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. పాస్టరు పదవి దిగి సవాయీ దీవిలో ఉంటున్నారు. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడం లేదని విని, ఆయన రారులే అనుకున్నారంతా. పొద్దున పడవలో వచ్చేశారు.

తుయిలాగి నోట్లో వెలక్కాయ పడింది. వచ్చినవాళ్ళందరికన్నా పెద్దాయన. ఇవ్వడానికి కేకు లేదు. ఒకరికి ఇచ్చేసింది వెనక్కి తీసుకోవడం కన్నా ఊరు వదిలి పోవడం నయం.

"ఏమే, ఇంకొకటి ఏదైనా ఉందా?" అని పెదవులు కదపకుండా భార్యను అడిగాడు.

"లేదు," అంది సెలాఫి టక్కున.

తవిత మంచివాడు. ఇంటి పరువు పోతుంటే చూడలేడు. "ఒకటుంది నాన్నా!" అని లేచాడు. మసినా కళ్ళతో వద్దంది, తలతో వద్దంది, చివరికి పాపను గిల్లి ఏడిపిద్దామా అని కూడా అనుకుంది. ఇంతలో అత్తగారు, "ఒరేయ్, ఆగరా వెధవా! వెళ్ళకు!" అని అరిచింది. మసినా నివ్వెరపోయింది. ఈవిడకేమైంది?

తవిత అప్పటికే పెట్టెతో వచ్చేశాడు. తుయిలాగికి ప్రాణం లేచొచ్చింది.

"పెద్దయ్యగారూ! ఇంతకుముందు ఇచ్చినవి మర్యాద కోసం ఇచ్చినవి. ఇది ప్రేమతో దాచి ఉంచింది! మీరొస్తారని మా మనసులకు ముందే తెలుసు! వెలితి లేని మా ప్రేమకు గుర్తుగా, వెలితి లేని ఈ కేకు!" అని కర్ర నేలకు తాటించాడు.

తవిత మూత తీసి పైకెత్తాడు. కేకులో ఒక ముక్క లేదు. మనిషెవరో కత్తితో నీటుగా కోసి తీసుకున్నారు. ఆ సందులోంచి పైనాపిల్ పచ్చగా బయటికి చూస్తోంది.

పాస్టరమ్మగారి విసనకర్ర ఆగిపోయింది. ఎంగిలి చేసిన కేకు పెద్దయ్యగారికి! ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి తుయిలాగికి మాట దొరకలేదు. కేకు వచ్చింది ఎవరి గదిలోంచో అందరికీ తెలుసు. అన్ని కళ్ళూ మసినా మీదికి తిరిగాయి. నేను కాదని చెప్పాలని ఉంది ఆమెకు. కానీ దాచింది తనే. ఇక ఈ ఊళ్ళో తలెత్తుకోవడం ఎలాగ? పాపను గుండెకు గట్టిగా హత్తుకుంది.

"దాన్నలా చూడకండి. కోసింది నేను," అంటూ సెలాఫి లేచింది.

"నువ్వా?" అన్నాడు తుయిలాగి.

"నేనే. దీని పెళ్ళికి ఆరు కేకులొచ్చాయి. ఒక్క ముక్క దీని నోట్లో పడిందా? పెట్టె మూత నాకడం నేను చూశాను. నా పెళ్ళికి నేనూ అలాగే నాకాను, అందుకే అడగలేదు. ఇన్నాళ్ళకు ఇంత కేకు దాచుకుంది పిచ్చిది. మా ఆయన కంటబడితే అదీ ఎవరికో వెళ్ళిపోతుందని నాకు తెలియదా? అందుకే పొద్దున్నే ఒక ముక్క కోసి దీనికోసం బిస్కట్ల డబ్బాలో దాచాను. తప్పయితే నన్ననండి అయ్యగారూ. పాలిచ్చే తల్లి, దాన్నేమీ అనకండి."

ఇంతమందిలో తన అత్తగారు తలొంచుకుని నిలబడటం మసినా ఎప్పుడూ చూడలేదు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

ఎతువాతి అయ్యగారు ఒంగి కేకు సందులోకి చూశారు. తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నారని తెలియడానికి జనానికి కాస్త సమయం పట్టింది.

"అమ్మా సెలాఫీ, నలభై ఏళ్ళు పాస్టరుగా చేశాను. కొన్ని వందల కేకులిచ్చారు. సోమవారం ఎవరో ఒకరు ఇంటికొచ్చేవారు, మా ఆవిడ వాళ్ళకిచ్చి పంపేసేది. కేకు లోపల ఏ రంగులో ఉంటుందో నేను ఇవాళే చూస్తున్నాను. కత్తి తెండి."

తెచ్చారు. పెద్దయ్యగారు అక్కడికక్కడే కోసుకుని తిన్నారు. మీసానికి క్రీము అంటింది. ఆయన తిన్నాక పాస్టరుగారు తన మూడంతస్తుల కేకును పెట్టెతో కారెక్కించడం ఏం బాగుంటుంది? ఆయనా మూత తీశారు. సంఘ పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకుని తమవీ తీశారు. అరగంటలో ఏడు కేకులూ మాయమయ్యాయి. మహిళా సంఘం అధ్యక్షురాలు పళ్ళెం వేలితో తుడిచి, "ఇన్నేళ్ళూ ఇవి ఇంత బాగుంటాయని ఒక్కరూ చెప్పలేదేమే!" అని పక్కావిడను నిలదీసింది.

ఈ సందట్లో మసినా దాకా కేకు రానేలేదు. సెలాఫి ఆమె మోచెయ్యి పట్టుకుని వంటపాకలోకి లాక్కెళ్ళి బిస్కట్ల డబ్బా మూత తీసింది. అరటాకులో ముక్క నలిగింది, ఒక పక్క ఎండింది, రెండు చీమలు కూడా ఉన్నాయి. మసినా చీమల్ని ఊదేసి, ముక్కను రెండుగా విరిచి, పెద్ద సగం అత్తగారి నోట్లో పెట్టింది. మిగతాది తన నోట్లో వేసుకుంది.

"పైనాపిలా! నా పెళ్ళికీ ఇదేనే," అంది సెలాఫి, కళ్ళు మూసుకుని.

మరుసటి నెల సువాలువా గారి మనవడి బాప్తిస్మం. పెద్దయ్యగారంతటివారు మెచ్చుకున్న మర్యాదలో తామెందుకు తక్కువ చెయ్యాలని, ఆ ఇంటివాళ్ళు తొమ్మిది కేకులు చెప్పి, ప్రతిదాంట్లోనూ ఒక్కో ముక్క ముందుగానే కోసెయ్యమన్నారు.

"మరి కోసిన ముక్కలేం చెయ్యనమ్మా, మీ కోడలికివ్వనా?" అని అడిగింది లూసియా.

వాటికి విడిగా తొమ్మిది చిన్న పెట్టెలు కట్టించారు. అవి ఎవరెవరికి ఇవ్వాలో జాబితా అప్పటికే తయారైంది.