దామోదర్ వాకిట్లో రెండు పార్టీలు

2010 అక్టోబరులో ఒక శనివారం పొద్దున, అమెరికాలోని షాంటిలీలో దామోదర్ పెట్టుకున్న పని ఒక్కటే: వాకిట్లో రాలిన ఆకులు ఊడ్చడం. సగం ఊడ్చేసరికి పక్కింటి పెద్దాయన కాంగ్రెస్ సీటుకు నిలబడ్డ తన అభ్యర్థి ఎర్ర బోర్డు పట్టుకొచ్చి, మీ గడ్డిలో పాతుకోనా అని అడిగాడు. దామోదర్ సరేనన్నాడు. మిగతా సగం అయ్యేసరికి ఆఫీసు మేనేజరు భార్య ఎదుటి పార్టీ నీలం బోర్డుతో వచ్చింది. దానికీ సరేనన్నాడు.

ఎన్నికల వార్తలు రాసే వారపత్రిక విలేకరి అటుగా పోతూ ఫోటో తీశాడు. గురువారం అది మొదటి పేజీకెక్కింది: "ఒకే ఇల్లు, రెండు పార్టీలు". భార్యాభర్తలు చెరో పక్షమని ఊహించి మరీ రాశాడు. పాతినవి బోర్డులే అయినా, దామోదర్‌కి వచ్చింది కొత్త పేరు. కనబడ్డవాళ్లందరికీ పేపరు చూపించాడు.

సాయంత్రానికి హెర్న్‌డన్ నుంచి వాళ్లక్క నళిని, మొగుడూ పెళ్లాలకు రాజీ కుదర్చడానికి పులిహోర గిన్నెతో సహా దిగింది. మర్నాడు అభ్యర్థులిద్దరూ, ఎటూ తేలని ఆ ఇంటి ఓట్లు అడగడానికి శనివారం పదింటికి తామే వస్తున్నామని కబురు పెట్టారు.

"అసలు సంగతి ఇప్పుడైనా చెప్పెయ్యండి," అంది భార్య రేణు.

"చెబితే నా పరువేం కాను? ఇన్నేళ్లలో ఈ దేశంలో నా పేరు తప్పులేకుండా రాసింది ఈ పేపరువాళ్లొక్కళ్లే."

శనివారం వచ్చింది. ఒక అభ్యర్థి దామోదర్ కుడిచెయ్యి, ఇంకొకాయన ఎడమచెయ్యి పట్టుకున్నారు. ఒక పక్క పక్కింటి పెద్దాయన, మరో పక్క మేనేజరు భార్య, గుమ్మంలో ఇంకా తిరిగెళ్లని నళిని. విలేకరి కలం తీసి, మీ ఓటు ఎవరికని అడిగాడు. దామోదర్ ఛాతీ పొంగింది, కళ్లు మాత్రం అటూ ఇటూ తిరిగాయి. ఎవరి పేరు చెప్పినా రెండోవాళ్ల మొహం ఎలా చూడాలి?

రేణు ఇక చూడలేకపోయింది. "మాకసలు ఓట్లే లేవండీ. ఉన్నవి గ్రీన్ కార్డులే, సిటిజన్‌షిప్ ఇంకా రాలేదు. మేం పోట్లాడుకోనూ లేదు."

"మరి ఈ బోర్డులెందుకు?" అన్నాడు విలేకరి.

దామోదర్ తలెత్తి, గర్వంగానే చెప్పాడు. "ఇంటికొచ్చి అడిగారు. కాదంటే బాగుంటుందా?"

నళిని ఫక్కున నవ్వింది. పక్కింటి పెద్దాయన మేనేజరు భార్య వంక, ఆవిడ ఆయన వంక చూసుకున్నారు. అభ్యర్థులిద్దరూ ఒకే క్షణంలో దామోదర్ చేతులు వదిలేశారు.

ఆ ఎన్నికల్లో రెండు పార్టీలూ ఏకాభిప్రాయంతో చేసిన పని అదొక్కటే.