మోలెఫి రాజుగారి మౌనం

"మహారాజావారు రేపు పార్లమెంటును ప్రారంభించి, తమ మనసులోని మాటను ప్రజలకు చెబుతారు. ఆ మాట ప్రస్తుతం ప్రధానమంత్రి కార్యాలయంలో టైపవుతోంది."

రేడియోలో ఈ ప్రకటన చదివింది నేనే. మా కొండరాజ్యంలో రాజుగారి కార్యక్రమాలకు ప్రత్యక్ష వ్యాఖ్యానం చెప్పే ఉద్యోగం నాది.

మా రాజ్యాంగం చాలా గొప్పది. సైన్యం రాజుగారిది, ప్రభుత్వం రాజుగారిది, కోర్టులూ ఆయనవే, నోట్ల మీద బొమ్మ కూడా ఆయనదే. వాటిని వాడుకునే శ్రమ మాత్రం ఆయనకు లేకుండా ప్రధానమంత్రి చూసుకుంటారు. మోలెఫి రాజుగారు లా చదివారు. గుర్రమెక్కి మారుమూల కొండలన్నీ తిరిగారు. ఆయనకు అన్నీ తెలుసు. అభిప్రాయాలు మాత్రం లేవు. ఉండకూడదని చట్టం.

ప్రసంగానికి ముందురోజు హా లెకేనా ఊరివాళ్లు ప్యాలెస్‌కు వచ్చారు. పక్కదేశానికి నీళ్లు అమ్మడం కోసం కట్టే డ్యాములో ఆ ఊరు మునుగుతుంది. వాళ్లకు పెద్దదిక్కు మపులానె అనే ముసలావిడ. దుప్పటి భుజాల మీదుగా కప్పుకుని నేల మీద కూర్చుంది. రాజుగారు కుర్చీ దిగి ఆమె పక్కనే కూర్చున్నారు. ప్రోటోకాల్ ఆఫీసరుకు చెమటలు పట్టాయి.

"మోరెనా!" అందామె. ప్రభువును మేం అలాగే పిలుస్తాం. "మా ఆయన సమాధి ఏటి ఒడ్డునే ఉంది. ఎముకలు సంచిలో వేసుకుని కొండెక్కమంటున్నారు. ఆ రాళ్లల్లో జొన్న మొలుస్తదా? వద్దని ఒక్క మాట చెప్పు."

"విన్నానమ్మా."

"వింటే సరిపోద్దా?"

"చట్టం నాకు వినడం వరకే ఇచ్చింది."

"అంటే చెవులు నీకు పడేసి, నోరు పొట్లాకి పట్టుకుపోయాడా?"

పొట్లాకి మా ప్రధానమంత్రి. రాజుగారికి నవ్వొచ్చింది. కానీ నవ్వితే అది అభిప్రాయమవుతుందని కాబోలు, మధ్యలోనే ఆపుకుని ఆమెకు తన చేత్తో టీ పోసిచ్చారు. టీ పోయడం మీద నిషేధం లేదు.

మర్నాడు సభలో రాజుగారు చక్కగా చదువుతున్నారు. "నా ప్రభుత్వం రోడ్లు వేస్తుంది. నా ప్రభుత్వం అవినీతిని సహించదు." ఇక్కడ మంత్రులు చప్పట్లు కొట్టడం మరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నా ప్రజలైన హా లెకేనా వాసులు..."

ఆగిపోయారు. నా దగ్గరున్న కాపీలో తర్వాతి మాటలు "సంతోషంగా ఊరు ఖాళీ చేస్తున్నారు" అని ఉన్నాయి. రాజుగారు వాటినే చూస్తున్నారు. చదవడం లేదు.

"శ్రోతలారా, మహారాజావారు ఆలోచిస్తున్నారు," అన్నాను నేను. పొట్లాకి నా వైపు ఉరిమి చూశారు. "క్షమించాలి, ఆలోచించడం లేదు. నీళ్లు తాగుతున్నారు. గ్లాసు ఎంతో అందంగా ఉంది."

రాజుగారు గ్లాసు కింద పెట్టి, పేజీ తిప్పి, గొర్రెల టీకాల మీదికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం హా లెకేనాలో కుండలకొద్దీ జొన్నబీరు పారింది. ప్రతిపక్ష నాయకుడు తుమెలో మా స్టూడియోకు వచ్చి, "ఇది మౌనం కాదు, సింహగర్జన!" అంటూ కన్నీళ్లు పెట్టుకున్నారు. పొట్లాకి మాత్రం అటార్నీ జనరల్‌ను పిలిపించారు. నన్ను కూడా పిలిచి, ముందు మైకులో బ్యాటరీ తీయించారు.

"రాజుగారికి అభిప్రాయం ఉండొచ్చా?" అని అటార్నీ జనరల్‌ను అడిగారు.

"ఉండకూడదండీ."

"మరి ఆ మౌనం ఏంటయ్యా?"

"అభిప్రాయమైతే అది చట్టవిరుద్ధం. రాజుగారు చట్టవిరుద్ధమైన పని చెయ్యరు. కాబట్టి అది అభిప్రాయం కాదు."

"మరేంటి?"

"మౌనం అర్ధాంగీకారం అండీ."

"సగమేనా?"

"ప్రస్తుతానికి సగమే."

చట్టమంటే పొట్లాకికి ఎంత గౌరవమంటే, సగం ఊరే ఖాళీ చేయించారు. హద్దుగీత మపులానె ఇంటి మధ్యగా పోయింది. వంటగది వెళ్లింది. పడకగది మిగిలింది. సమాధి మిగిలిన సగంలోనే ఉంది.

ఇంతలో మిత్రపక్షం మంత్రికి కొత్త కారు ఇవ్వలేదని ప్రభుత్వం పడిపోయింది. తుమెలో ప్రధానమంత్రి అయ్యారు. కొత్త ప్రభుత్వం తరఫున రాజుగారు మళ్లీ ప్రసంగం చదివే రోజు మపులానె బస్సెక్కి రాజధానికి వచ్చి, పార్లమెంటు మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది.

"రేడియో నాయనా, ఇప్పుడు మన తుమెలోనే గదా! ఆ రోజు ఎంత ఏడ్చాడో, నేను విన్నా."

"అవునమ్మా. రెండో టేకులో ఇంకా బాగా ఏడ్చారు."

సలహా ఇచ్చే హక్కు రాజుగారికి ఉంది. దాన్ని వాడి, ప్రసంగంలో హా లెకేనా వాక్యం మార్చమని తుమెలోకు ముందే చెప్పారట. "తమరి మాట నాకు శిరోధార్యం, మోరెనా," అని తుమెలో నిజంగానే మార్చారు. కొత్త ప్రసంగంలో "సంతోషంగా" అన్నచోట "అమితానందంతో" అని ఉంది.

రాజుగారు మళ్లీ అక్కడే ఆగారు. ఈసారి గ్లాసు ముట్టుకోలేదు. తలెత్తి గ్యాలరీలోని మపులానె వైపు చూశారు. ఆమె కూడా చూసింది. గ్యాలరీలోని ఆడవాళ్లు ఒక్కసారిగా గొంతెత్తి కీచుగా జయధ్వానం చేశారు.

తుమెలో చెమర్చిన కళ్లతో లేచారు.

"అధ్యక్షా! మౌనం అర్ధాంగీకారమని గత ప్రభుత్వం తేల్చింది. రాజకీయాలకు అతీతంగా ఆ తీర్పును గౌరవిస్తున్నాం. ఈరోజు మహారాజావారు దయతో మిగతా సగం కూడా ప్రసాదించారు!"

బల్లలు దద్దరిల్లాయి. ప్రతిపక్షంలోని పొట్లాకి అందరికంటే గట్టిగా చరిచారు. దేశ ప్రయోజనాల దగ్గర మా నాయకులకు పార్టీలు అడ్డురావు.

రాజుగారి మొహం కందిపోయింది. కాగితాలు పక్కన పడేశారు.

"నేను..." అన్నారు.

నా దగ్గరున్న కాపీలో ఆ మాట ఎక్కడా లేదు. స్పీకర్ గబగబా చెయ్యి ఊపారు. పోలీసు బ్యాండు జాతీయగీతం అందుకుంది. గీతం వినిపిస్తే ఎవరైనా నోరు మూసుకుని లేచి నిలబడాల్సిందే. సభ మొత్తం లేచింది. రాజుగారు కూడా లేచారు.

"శ్రోతలారా, సభ యావత్తూ మహారాజావారి గౌరవార్థం నిలబడింది," అన్నాను నేను.

గ్యాలరీలో మపులానె ఒక్కతే కూర్చుని ఉంది. రాజుగారిని అవమానించినందుకు ఇద్దరు పోలీసులు ఆమె రెక్కలు పట్టుకుని బయటికి తీసుకెళ్లారు.