హార్డింగ్ గారి ఓపెనింగ్

ఒక మనిషి ఉన్నాడా లేడా అన్నది కంప్యూటర్ ఆట ఏ వెర్షన్ అన్నదాని మీద ఆధారపడి ఉంటుందని 2007లో పాల్వంచలో తేలిపోయింది.

మా కంపెనీ కాలనీ క్రికెట్ జట్టును జహూర్ నెట్ సెంటర్లో, కంప్యూటర్ మీద ఎంపిక చేసేవారు. మూడు షిఫ్టుల వాళ్లు ఒకేసారి గ్రౌండుకు రావడం అసాధ్యం. కంప్యూటర్లో అయితే నైట్ డ్యూటీ దిగినవాడు కూడా ఆవులించకుండా ఆడతాడు. పాత వెర్షన్లో ఏ ఫైలైనా తెరిచి మార్చుకోవచ్చు. జహూర్ ఒక విదేశీ జట్టు పేర్లన్నీ చెరిపి మావాళ్ల పేర్లు ఎక్కించాడు. (విదేశం నుంచి అభ్యంతరం రాలేదు.) ఎవరి సామర్థ్యం నూటికి ఎంతో వారే చెప్పాలని నియమం. అందరూ తొంభైకి పైనే చెప్పారు. ఫిట్టర్ క్రిస్టోఫర్ మాత్రం చాలాసేపు ఆలోచించి అరవై అన్నాడు. (ఆత్మపరిశీలన ఉన్నవాడితో ఏ జట్టుకైనా ఇబ్బందే.) అయినా కంప్యూటర్లో అతనే నిలకడగా ఆడాడు. ఎన్నేళ్ల నుంచో అడుగుతున్న ఓపెనర్ చోటు దొరికింది. ఆదివారం కొత్తగూడెం జట్టుతో మొదటి మ్యాచ్.

ఆ వారమే కొత్త వెర్షన్ వచ్చింది. అందులో ఆటగాళ్ల నుదుటి చెమట కూడా కనిపిస్తుంది గానీ, ఫైళ్లకు తాళం. మనం పెట్టే పేర్లు పది మాత్రమే ఒప్పుకుంటుంది. పదకొండోవాడు ఆటతోపాటు వచ్చిన హార్డింగ్. అతన్ని తీసేయడం కుదరదు.

"పాతదాంట్లనే ఉంచుదాం గద సార్," అన్నాడు జహూర్.

"కొత్తది వచ్చినంక పాతది చెల్లదు," అన్నారు సెలెక్షన్ కమిటీ అధ్యక్షులు గంగయ్య గారు. "అందరికన్న తక్కువ మార్కులు ఎవలియి?"

"నాయే సార్," అన్నాడు క్రిస్టోఫర్. ఓపెనర్ చోటు హార్డింగ్‌కు వెళ్లింది.

ఆదివారం హార్డింగ్ కోసం టాస్ ఆపారు. ఆయన రాలేదు. (సెలవు చీటీ కూడా పంపలేదు.)

"క్రిస్టోఫర్, ఆయన పేరు మీద నువ్వు దిగు," అన్నారు గంగయ్య గారు. "నీది గూడ గసొంటి పేరే గద. సర్దుకుంటది."

"నేను పాల్వంచలనే పుట్టిన సార్."

"అవ్, తెలుసు. జల్దీ ప్యాడ్లు కట్టుకో."

అతను చివరిదాకా ఔట్ కాలేదు. మైకులో ప్రతి ఫోరుకూ హార్డింగ్ పేరు మోగింది. జట్టు గెలిచింది. కమిటీ వారు శాలువా తీసుకెళ్లి జహూర్ కంప్యూటర్‌కు కప్పారు. క్రిస్టోఫర్ కూడా చప్పట్లు కొట్టాడు, అందరికన్నా కాస్త గట్టిగానే.

ఇంట్లో భార్య మరియ అతని ప్యాంటు మీది ఎర్రమట్టి చూసింది.

"మొత్తానికి ఆడనిచ్చిండ్రా?"

"లేదు," అన్నాడు క్రిస్టోఫర్. "హార్డింగ్ ఆడిండు."