ఏడాదికొక గుడ్డు

ఆ శనివారం పొద్దున బాలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. నలభై ఒక్క కోడిగుడ్లు పోగుచేయాలి. మర్నాడు వాటిని ఉడకబెట్టి, ప్రార్థన పాకలో అందరికీ పంచిపెట్టాలి. వేములపల్లిలో కోళ్లకు కొదవలేదు, బాలమ్మకు నోటికి కొదవలేదు. మధ్యాహ్నానికల్లా పని అయిపోతుందనుకుంది.

ఆ గుడ్లు ఆమె భర్త దావీదు పుట్టినరోజుకు. మీసాలున్న మగవాడికి పుట్టినరోజు చేయడం అంతకుముందు ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు, వినలేదు. దావీదు తపాలా హర్కారా. ఉత్తరాల సంచి భుజాన వేసుకుని, గజ్జెల బల్లెం చేతపట్టుకుని, మిర్యాలగూడ నుంచి వేములపల్లికి ఎనిమిది మైళ్లు పరుగెత్తడం అతని ఉద్యోగం. పోయిన శ్రావణంలో, ఇంకా యూనియన్ సైన్యం రాకముందు, దారికి ఒకవైపు రజాకార్లు, ఇంకోవైపు దళాలు ఉన్న రోజుల్లో, అట్లా సంచితో బయలుదేరినవాడు మూడు రోజులు ఇల్లు చేరలేదు. నాలుగో రోజు మోకాళ్లదాకా బురదతో వచ్చాడు. సంచికి వేసిన లక్క ముద్ర చెక్కుచెదరలేదు.

ఆ మూడు రోజుల్లో బాలమ్మ మొక్కుకుంది. మనిషి ప్రాణంతో వస్తే పుట్టినరోజు చేస్తానంది. మిర్యాలగూడ మిషను బంగళాలో దొరసానమ్మ పుట్టినరోజు ఆమె ఒకసారి చూసింది. తియ్యరొట్టె మీద ఏడాదికొక కొవ్వొత్తి వెలిగించారు. కొవ్వొత్తులు కొనే స్తోమత లేదు, ఆ రొట్టె చేయడం ఎవరికీ రాదు. అందుకని ఏడాదికొక గుడ్డు. ఇక పుట్టిన తేదీ అంటారా, అది దావీదుకే తెలియదు. "నువ్వు తిరిగొచ్చిన దినమే నువ్వు పుట్టిన దినం. నాకు గదే లెక్క" అని బాలమ్మ తేల్చేసింది.

తేదీ తేలింది గానీ ఏళ్లు తేలాలి కదా. మూసీ పొంగి పట్నం మునిగిన ఏడు పుట్టావని దావీదుకు తల్లి ఎప్పుడో చెప్పింది. ఆ లెక్కన నలభై ఒకటి. ఏళ్ల తరబడి ఊరందరి కబుర్లూ మోసినవాడే గానీ, తన గురించి ఒక్క కబురూ అతనికి అందలేదు. నాకు నిజంగా ఎన్నేళ్లు అన్న కుతూహలం ఆ పొద్దున మొదలైంది. గంప తానే పట్టుకుని భార్య వెంట బయలుదేరాడు.

మొదటి ఇల్లు రైతు గురవయ్యది. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"మూసీ పొంగిన ఏడు పుట్టినవా? ఎవడు సెప్పిండు నీకు? ఆ ఏడు నువ్వు మా బర్రెలు కాసినవ్ రా. ఏట్ల బర్రె కొట్టుకపోతుంటె దాని తోక పట్టుకొని నువ్వుగూడ పోయినవ్. మా నాయిన ఇద్దర్నీ గుంజి ఒడ్డుకేసిండు."

"అట్లనా పటేలా! అప్పుడు నాకెన్నేండ్లుంటయి?" దావీదు కళ్లు పెద్దవి చేశాడు.

"బర్రె తోక అందిందంటె ఐదన్న ఉండాలె. ఇగో, ఇంకో ఐదు గుడ్లు తీస్కపో."

అడుగు పెట్టినప్పుడు నలభై ఒకటి, అరుగు దిగేసరికి నలభై ఆరు. దావీదుకు నవ్వొచ్చింది. తనకు తెలియకుండా తనే ఐదేళ్లు బతికేశాడు. ఇంకా ఎవరికి ఏం తెలుసో అడగాలనిపించి, తిన్నగా ఉప్పలమ్మ గుడిసెకు దారితీశాడు. ఉప్పలమ్మ ఆ ఊరి మంత్రసాని. బాప్తిస్మానికి ముందు దావీదు పేరు మైసయ్య. ఊరంతా మరిచిపోయిన ఆ పేరును ఆమె ఒక్కతే ఇంకా వాడుతుంది.

"మైసిగా, నిన్ను మా అమ్మ తీసింది. నేను దీపం పట్టుకున్న" అంది ముసలామె. "పెద్ద కరువుకు ముందటేడు పుట్టినవ్. కరువుల నువ్వు పాకుకుంట మట్టి తింటుంటె నోట్లకెల్లి నేనే తీసిన. మూసీ పొంగేనాటికి నీకు పదేండ్లు."

"గురవయ్య పటేల్ ఐదంటుండు అవ్వా."

"కరువు పిల్లగానివి, తిండి లేక పెరగలే. ఆయనకు ఐదేండ్లోని లెక్క అవుపడ్డవ్."

బాలమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టి గుండెల మీద చెయ్యేసుకుంది. "యాభై ఒకటి! అవ్వా, నిన్నడగకపోతె పదేండ్లు దేవునికి ఎగ్గొట్టేదాన్ని!"

మిట్టమధ్యాహ్నానికి గంపలో వరిగడ్డి మీద యాభై ఒక్క గుడ్లు కుదురుగా ఉన్నాయి. దావీదు వాటిని చూసి మురిసిపోయాడు. అన్నేళ్లు బతకడం ఏమన్నా మాటలా! ఈ మధ్య కుడి మోకాలు ఎందుకు సలుపుతోందో కూడా ఇప్పుడు అర్థమైంది. మిర్యాలగూడ తపాలా కచేరీలో ముక్కాలిపీట మీద కూర్చుని ఉత్తరాల మీద ముద్రలు కొట్టే మనిషిని అతను రోజూ చూస్తాడు. సంచి కట్టేదాకా అక్కడ నిలబడి, కూర్చుని బతకడమంటే ఎట్లా ఉంటుందో అని ఆలోచిస్తుంటాడు. అంతకుమించి ఆశపడలేదు.

సరిగ్గా అప్పుడే కోదాడ నుంచి బావమరిది దిగాడు. బాలమ్మ తమ్ముడు అబ్రహాం కూడా హర్కారానే. గంప వంక చూడకుండానే బావను పెరట్లోకి లాక్కుపోయాడు.

"బావా, విన్నావా? యాభై దాటిన హర్కారాలను పరుగు నుంచి తీసేస్తున్నారంట!"

"ఎవరన్నరు?"

"మా కోదాడ కచేరీ గోడకు కాయితం అంటించారు. ఉర్దూలో ఉంటే మున్షీ చదివి వినిపించాడు. పైసగమే చదివాడులే. గంజి పెట్టి అంటించారు కదా, కిందిసగం మేక తినేసింది."

"కిందిసగంల ఏముంటది మరి?"

"ఏముంటుంది బావా, సంతకాలూ ముద్రలూ ఉంటాయి." అబ్రహాం గొంతు తగ్గించాడు. "పోయినేడు గొడవల్లో మన రిజిస్టర్లన్నీ కాలిపోయాయి కదా. అందుకని ఊరి పెద్దల సాక్ష్యం తీసుకుని కొత్తగా వయసులు రాస్తున్నారు. సూర్యాపేట ఇన్‌స్పెక్టరు రేపు మీ ఊరే వస్తున్నాడు."

అప్పటిదాకా గర్వంగా మోస్తున్న యాభై ఒక్క ఏళ్లూ దావీదుకు ఒక్కసారిగా బరువెక్కాయి. అతనికి పొలం లేదు, ఇంకో పని రాదు. ఆ బల్లెం లాగేసుకుంటే పొయ్యిలో పిల్లి లేవదు. లోపలికి పోయి భార్యను బతిమాలాడు.

"బాలమ్మా, జర నలభై ఐదు సేద్దాం. గురవయ్య పటేల్ లెక్కకు ఒకటే తక్కువ. దేవుడేమన్న గంప తిరగేసి సూస్తడా?"

"మూడు దినాలు నేను ఏడ్సింది నలభై ఐదేండ్ల మనిషికి గాదు" అంది బాలమ్మ, చేతిలో పని ఆపకుండా. "యాభై ఒక్కేండ్ల మనిషినడిగిన. యాభై ఒక్కేండ్ల మనిషినే ఇచ్చిండు. ఒక్క గుడ్డు తక్కువైనా నేనొప్ప."

దావీదు గంప వంక ఒకసారి చూసి, బావమరిది పక్కకు పోయి కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్నే గుడ్లు ఉడికాయి. బాలమ్మ స్నానానికి వెళ్లింది. దావీదు, అబ్రహాం గంపకు చెరోవైపు కూర్చున్నారు.

"ఒకటి తింటే యాభై, బావా. యాభైకి దాటినట్టు కాదు."

"ఇన్‌స్పెక్టర్ ఎట్ల సూస్తడో! ఇంకో రెండు తింట, భద్రం." దావీదు మూడు గుడ్లు తిని, పెంకులు పొయ్యిలో వేశాడు. నలభై ఎనిమిదేళ్లవాడై హాయిగా మూతి తుడుచుకున్నాడు.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. బాలమ్మ తల తుడుచుకుంటూ వచ్చి గంప లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "పిల్లి! గోపమ్మోళ్ల పిల్లి!" అని చీపురు పట్టుకుని బయటికి ఉరికింది. పిల్లికి ఆ రోజంతా ఆ వాడలో నిలువనీడ లేకుండాపోయింది. పొరుగింటి గోపమ్మ తన పిల్లి మీద పడ్డ నింద భరించలేక, మూడు గుడ్లు ఉడకబెట్టి తెచ్చి గంపలో పెట్టింది. మళ్లీ యాభై ఒకటి. దావీదు కడుపులో ఉన్నవి దండగయ్యాయి.

ప్రార్థన పాకకు నడుస్తుంటే, గంప అంత బరువేమీ కాకపోయినా దావీదు నుదుట చెమటపట్టింది. పాక ముందు సైకిలుకు ఆనుకుని ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. బాలమ్మ ఆడవాళ్లతో ముందుకు సాగగానే, దావీదు గంపతో సహా గోడ వెనక్కి తిరిగాడు. అబ్రహాం కాపలా కాశాడు. ఈసారి లెక్క లేదు, నమలడం కూడా లేదు. చేతికి దొరికింది దొరికినట్టు మింగాడు. లోపల పాట అయిపోయింది. "సహోదరుడు దావీదు వచ్చి సాక్ష్యం చెప్పవలె" అని పాదిరి అయ్యగారు పిలిచేసరికి ఆఖరి గుడ్డు ఇంకా నోట్లోనే ఉంది.

అతను వెళ్లి అందరి ముందు నిలబడ్డాడు. నోరు తెరిస్తే గుడ్డు బయటికొస్తుంది. మూసుకుంటే ఊపిరాడదు. ఎండిన పచ్చసొన గొంతుకు అడ్డంపడి కళ్లవెంట నీళ్లు ధారకట్టాయి. మనిషి కృతజ్ఞతతో కరిగిపోయాడనుకుని పాకంతా "స్తోత్రం, స్తోత్రం" అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఉప్పలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఇన్‌స్పెక్టరు కూడా టోపీ తీశాడు.

బాలమ్మ లేచి వచ్చి భర్త పక్కన నిలబడింది.

"ఆయనకు మాట వస్తలేదు, నేను సెప్త" అంది. "పోయినేడు ఈయన రాకపోతె, గజ్జెల సప్పుడు కోసం మూడు దినాలు బాట మీదనే కూసున్న. ఎవరి బండి గంట మోగినా ఉరికిన. ఇగ రాడనుకున్న. వచ్చిండు. ఉత్త కాళ్లతోని, బురదతోని, నవ్వుకుంట వచ్చిండు. గా దినానికి దేవునికి నేనేమిచ్చినా తక్కువే."

గుడ్డు అప్పటికి గొంతు దిగింది. అయినా దావీదు కళ్లలో నీళ్లు ఆగలేదు. ఈమె బాట మీద కూర్చుందని అతనికి ఇప్పటిదాకా తెలియదు. ఆమె చేతిని పట్టుకుందామనుకున్నాడు గానీ, వేళ్లకు పచ్చసొన అంటి ఉంది.

అయ్యగారు గంప ముందుకు జరుపుకుని, గుడ్డు గుడ్డుకూ ఒక ఏడాదిని దీవిస్తూ బిగ్గరగా లెక్కపెట్టారు. నలభై నాలుగు. నలభై ఐదు. గడ్డి పక్కకు తీసి చూశారు. ఇంకేమీ లేదు.

"అయ్యగారూ, యాభై ఒకటుండాలె!" బాలమ్మ కేక వేసింది.

"ఉన్నవాటినే గదమ్మా లెక్కపెట్టేది" అన్నారు అయ్యగారు శాంతంగా.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. "దావీదూ, ఎంత నీ ఉమర్? సచ్ చెప్పు."

"నలభై ఐదు, సాబ్" అన్నాడు దావీదు, భార్య వంక చూడకుండా.

"కాదు కాదు, నేను దీపం పట్టుకున్న!" అంది ఉప్పలమ్మ గుమ్మంలోంచి.

"అచ్ఛా. నీ ఉమర్ ఎంత అవ్వా?"

"నాదా? ఏమో కొడుకా, నాకేమెరుక."

"నీదే నీకు తెల్వదు, ఇంకొకరిది ఏం చెప్తవ్? అయ్యగారు అందరి ముంగట లెక్కపెట్టిండ్రు, గింతకన్న మంచి సాక్ష్యం ఏముంటది?" ఇన్‌స్పెక్టరు పెద్ద రిజిస్టరులో నలభై ఐదు అని సిరాతో రాసి, ఇసుక చల్లి ఆరబెట్టాడు. అప్పుడు జేబులోంచి ఒక కాయితం తీసి, నిట్టూర్చి మడత విప్పాడు. అది మేక తినని కాయితం. పైసగం, కిందిసగం రెండూ ఉన్నాయి.

"పరేషాన్ పని అయింది" అన్నాడు. "యాభై దాటిన హర్కారాలను పరుగు నుంచి తీసి, కచేరీల కూసోబెట్టి ముద్రలు కొట్టించమని హుకుం. జీతం అదే. మిర్యాలగూడల ఒక్క జాగా ఖాళీ అయింది. నీ మోకాలు మంచిగ లేదని విని, నీకే ఇద్దామని వచ్చిన. నీకింకా నలభై ఐదేనాయె!"

అబ్రహాం మెల్లగా గోడ వైపు తిరిగాడు. దావీదు కళ్ల ముందు ముక్కాలిపీట కనిపించి, అట్లాగే దూరం జరిగిపోయింది.

"సాబ్!" అతను పొట్ట మీద రెండు చేతులూ వేసుకున్నాడు. "నాకు యాభై ఒకటే సాబ్. తక్కువైన ఆరేండ్లు గీడున్నయి. ఇప్పుడే తిన్న. మా బామ్మర్దిని అడుగుండ్రి."

ఇన్‌స్పెక్టరు రిజిస్టరు మూశాడు. "కడుపుల ఉన్న ఏండ్లు సర్కారుకు అవుపడయి. యాభై దాటినంక మల్ల కలుద్దాం."

ఆయన వాటాకు వచ్చిన గుడ్డు తిని, బాగుందని మెచ్చుకుని సైకిలెక్కాడు. ఇంటికి పోయాక బాలమ్మ నువ్వులనూనె వెచ్చచేసి, భర్త మోకాలికి రాస్తూ అడిగింది, "పిల్లి తినలేదు గదా?"

"లేదు" అన్నాడు దావీదు.

మర్నాడు ఆమె గోపమ్మ ఇంటికి పోయి పిల్లికి పాలు పోసి వచ్చింది.

ఆ తర్వాత ప్రతి శ్రావణంలోనూ ప్రార్థన పాకలో గుడ్లు పంచారు. గంప మాత్రం బాలమ్మే మోసింది. దేవుడి ముందు దావీదుకు యాభై రెండు, యాభై మూడు వచ్చాయి. సర్కారు రిజిస్టరులో నలభై ఆరు, నలభై ఏడు నడిచాయి. దేవుడి ముందు యాభై ఏడు గుడ్లు పెట్టిన ఏడు సర్కారు లెక్క కూడా యాభై దాటింది; అతను బల్లెం గోడకు ఆనించి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

ఆ ఆరు గుడ్లూ అరగడానికి దావీదుకు సరిగ్గా ఆరేళ్లు పట్టింది.