బొమ్మలో లేని గాయం

గాయం అన్నది కంటికి కనబడాలి, స్కేలుకు అందాలి. ఈ రెండూ చేతకాని గాయం గాయమే కాదు, క్రమశిక్షణా రాహిత్యమని రుద్రూర్ అవతలి ఓ చిన్న చక్కెర మిల్లు గాయాల నిర్ధారణ సంఘం 1994లోనే తేల్చేసింది. సంఘానికి అధ్యక్షుడు స్టోర్స్ ఆఫీసరు ఆత్మారాం (స్కేలు ఆయన దగ్గరే ఉంటుంది).

ఆ ఏడాది చెరకు సీజనులో ఎర్రన్న చెరకు నరికే యంత్రంలో పడి చనిపోయాడు. పక్కనే పనిచేస్తున్న ముత్తన్న అతని చెయ్యి పట్టుకున్నాడు గానీ పట్టు జారింది. అప్పటినుంచి మిల్లు సైరన్ వినబడితే ముత్తన్న మంచం కిందికి దూరుతున్నాడు. చెరకు వాసనకు వాంతి చేసుకుంటున్నాడు. కునుకు పడితే అరుస్తున్నాడు. నిజామాబాద్‌లో మానసిక వైద్యుడు జబ్బును గుర్తుపట్టి, మందులిచ్చి, వారం వారం వచ్చి మాట్లాడి పొమ్మన్నాడు. నయమవుతుందని, అప్పటిదాకా ఆ యంత్రం దగ్గర పని పెట్టొద్దని చీటీ రాసిచ్చాడు. అది పట్టుకుని ముత్తన్న భార్య హన్మవ్వ సంఘం ముందుకు వచ్చింది.

ఆత్మారాం ఫారం తీశాడు. దానిమీద ఓ మనిషి బొమ్మ. దెబ్బ తగిలినచోట ఇంటూ గుర్తు పెట్టాలి.

"యాడ పెట్టాలె సారూ? దెబ్బ లోపట తాకింది."

"లోపటి బొమ్మ లేదమ్మా. పది వేళ్లు మంచిగనే ఉన్నయి గద?"

"వేళ్లున్నయి సారూ, మనిషే లేడు. వేరే పని ఏదన్న ఇయ్యిండ్రి, ఊడ్సుడైనా సరే. గా మిషిన్ కాడికి మల్ల పంపితే నాకు దక్కడు."

(జబ్బు గురించి ఇంత స్పష్టంగా డాక్టరు కూడా రాయలేదు. కానీ ఆమెకు డిగ్రీ లేదు.)

సంఘం దయగలది. భయం ఉన్నదీ లేనిదీ స్వయంగా పరీక్షిస్తానంది. ముత్తన్నను అదే యంత్రం పక్కన నిలబెట్టి సైరన్ మోగించారు. అతడు కొయ్యబారిపోయాడు. ఒళ్లంతా చెమట. హన్మవ్వ భుజం పట్టి ఊపినా పలకలేదు. ఆత్మారాం పావుగంటసేపు గడియారం చూసి నివేదిక రాశాడు: "కార్మికుడు యంత్రము వద్ద నిశ్చలముగా నిలబడెను. పారిపోలేదు. పిలిచినను దృష్టి మరల్చలేదు. ఇంతటి ఏకాగ్రత మిల్లులో మరెవరికీ లేదు."

సిగ్గున్న మనిషి రాసే మాటలు కావు. అయితే సిగ్గును కొలిచే స్కేలు సంఘానికి ఎవరూ మంజూరు చేయలేదు.

ముత్తన్న ఫిట్ అయ్యాడు. ఎర్రన్న చోటు ఖాళీగా ఉంది కాబట్టి అక్కడే వేశారు. డ్యూటీలో చేరినట్టు సంతకం పెట్టమంటే, పదో తరగతి పాసైన ఆ మనిషి చేతిలో కలం నిలవలేదు. సంఘం మళ్లీ దయ చూపింది. చదువు రానివాడని రాసుకుని, వేలిముద్ర వేయించుకుంది.